చివరి క్రియ తెగకుండా: పొడవైన పాఠాన్ని సెగ్మెంట్లుగా కోసే పద్ధతులపై సమీక్ష

"రెండో డిప్పు దగ్గర ఎడమ పక్క కప్పు బాగుందనడానికి వీల్లేదు." మంచిర్యాల జిల్లా శ్రీరాంపూర్ ఏరియాలోని ఏ బొగ్గు బాయిలోనైనా షిఫ్టు ముగిశాక ఓవర్‌మెన్ చెప్పగల మాట ఇది. ఇక్కడ ఉదాహరణ కోసం కూర్చాను. యూనికోడ్ లెక్కలో, ఖాళీలతో కలిపి, చివరి చుక్కను వదిలేస్తే, ఇందులో 56 సంకేతాలున్నాయి. సింగరేణి సహా దేశంలోని పెద్ద సంస్థలు వాడే శాప్‌లో యంత్రాల మరమ్మతు నోటిఫికేషన్‌కు ఇచ్చే పొట్టి వివరణ ఫీల్డులో 40 సంకేతాలకే చోటు. ఈ వాక్యాన్ని ఆ ఫీల్డులోకి మ్యాప్ చేసి, మిగిలినదాన్ని వదిలేస్తే తెర మీద కనిపించేది "రెండో డిప్పు దగ్గర ఎడమ పక్క కప్పు బాగుంద" అని. నలభయ్యో సంకేతం సరిగ్గా ఆ "ద" దగ్గరే పడుతుంది. చదివినవాడు చివరి అక్షరాన్ని తనే పూరించుకుని కప్పు బాగుందనుకుంటాడు. పాఠం తగ్గడం ఒక నష్టం, పాఠం తిరగబడడం వేరే నష్టం. పొడవైన ఫీల్డులను ముక్కలు చేసే పనిని సాంకేతిక వర్గాలు మొదటి నష్టంగానే లెక్కగడుతున్నాయి. తెలుగులో అది చాలాసార్లు రెండోది అవుతుంది. ఈ వ్యాసం వాదించేది ఇదే: మన భాషలో పాఠం పంపేటప్పుడు కోతను, అతుకును ఒకే నియమంగా రాయాలి, తోకను వదిలేసే వీలును వ్యవస్థలో అసలు ఉంచకూడదు.

ఈ హద్దులు ఎక్కడి నుంచి వచ్చాయో చూస్తే వాటికి ఎంత గౌరవం ఇవ్వాలో తెలుస్తుంది. ఐబీఎం 1928లో తెచ్చిన పంచ్‌కార్డుకు 80 నిలువు వరసలు. 1959 నాటి 1403 ప్రింటరు ఒక వరసలో 132 అక్షరాలు అచ్చువేసేది. శాప్ దీర్ఘపాఠాన్ని నేటికీ వరసకు 132 చొప్పునే దాస్తుంది. వ్యవస్థల మధ్య ఆర్డర్లు, ఇన్‌వాయిసులు మోసే ఐడాక్‌లో ఒక్కో డేటా రికార్డుకు 1000 అక్షరాల స్థలం ఉన్నా, ఆర్డరు తల భాగపు పాఠం మోసే సెగ్మెంటులో వరస పొడవు 70. బ్యాంకుల పాత తరం స్విఫ్ట్ సందేశాల్లో చెల్లింపు వివరానికి 35 అక్షరాల వరసలు నాలుగు ఉండేవి. ఇవేవీ మనిషి వాక్యాన్ని కొలిచి పెట్టినవి కావు. కాగితం వెడల్పునో, యంత్రం జ్ఞాపకశక్తినో కొలిచి, అది కూడా లాటిన్ లిపిని మనసులో పెట్టుకుని నిర్ణయించినవి. ఆ యంత్రాలు మూలపడ్డాయి గానీ వాటి వెడల్పులు ప్రమాణాల పత్రాల్లో బతికే ఉన్నాయి. వాటిని మార్చడం ఒక మ్యాపింగ్, అంటే ఒక వ్యవస్థలోని ఫీల్డులను మరో వ్యవస్థ ఫీల్డుల్లోకి చేర్చే నియమాలు, రాసేవాడి చేతిలో లేదు. అందుకే పాఠాన్ని పునరావృత సెగ్మెంట్లుగా, అంటే ఒకే రకం గదిని ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు వాడుకుంటూ పంపడం అనివార్యమైంది. ఇక మిగిలింది దాన్ని ఎలా చేయాలన్నదే.

అన్నిటికంటే ఎక్కువగా జరిగే పొరపాటు చాలా మామూలుగా కనిపిస్తుంది. మూలంలో పాఠం 132 సంకేతాల వరసలుగా ఉంది, గమ్యంలో సెగ్మెంటు 70. మ్యాపింగ్ రాసేవాడు వరసకు వరసగా గీత గీస్తాడు: మూలంలో ఒక వరస, గమ్యంలో ఒక సెగ్మెంటు. పరీక్షకు వాడిన పాఠాలు పొట్టివి కాబట్టి అంతా సవ్యంగా కనిపిస్తుంది. నిండు వరస వచ్చిన రోజున ప్రతి వరసలో 62 సంకేతాలు చడీచప్పుడు లేకుండా పోతాయి. సెగ్మెంట్ల సంఖ్య సరిపోతుంది, సందేశం ఆకుపచ్చ గుర్తుతో గమ్యం చేరుతుంది, పొరపాటు జాబితాలో ఏమీ ఉండదు. సరైన పద్ధతి తెలియనిదేమీ కాదు. ముందు మూలపు వరసలన్నిటినీ కలిపి ఒకే పాఠం చేయాలి, ఆ తర్వాతే కొత్త కొలతతో కోయాలి. కోతకు ముందు అతుకు రావాలన్న ఈ క్రమం చాలా స్పెసిఫికేషన్లలో కనిపించదు. అక్కడ ఉండేది "70 చొప్పున విభజించాలి" అన్న ఒక్క ముక్కే.

ఇక తెలుగు దగ్గరకు వద్దాం. మన లిపిలోని సంకేతాలు యూటీఎఫ్-8లో ఒక్కొక్కటీ 3 బైట్లు తీసుకుంటాయి. పై వాక్యంలో 7 ఖాళీలకు 7 బైట్లు, మిగతా 49 సంకేతాలకు 147, వెరసి 154 బైట్లు. గమ్యం హద్దును సంకేతాల్లో చెబుతోందా, బైట్లలో చెబుతోందా అన్న ప్రశ్న ఇంగ్లీషు పాఠానికి అక్కర్లేదు, తెలుగుకు ప్రాణం. ఒరాకిల్‌లో ఒక సాధారణ పాఠపు ఫీల్డు మామూలుగా 4000 బైట్లకు పరిమితం. అంటే ఇంగ్లీషుకు 4000 అక్షరాలు, తెలుగుకు దాదాపు 1333. బైట్ల లెక్కతో గుడ్డిగా కోస్తే కత్తి ఒక సంకేతం మధ్యలోనే దిగవచ్చు. అప్పుడు వరస చివర విరిగిన బైట్లు మిగిలి, తెర మీద ప్రశ్నార్థకపు వజ్రం గుర్తు వస్తుంది. ఇది కనిపించే లోపం కాబట్టి ఎవరో ఒకరు పట్టుకుంటారు. ప్రమాదం తక్కువ.

సంకేతాల లెక్కతో కోస్తే బైట్లు విరగవు, అక్షరం విరుగుతుంది. "శ్రీరాంపూర్" అన్న పేరును కంటితో చదివితే శ్రీ, రాం, పూ, ర్ అని నాలుగే. యూనికోడ్ లెక్కలో 11 సంకేతాలు. అందులో మొదటి "శ్రీ" ఒక్కటే నాలుగు: శకారం, హలంతం, రకారం, గుడిదీర్ఘం. రెండో సంకేతం తర్వాత కోత పడితే పై వరస "శ్"తో ముగిసి కింది వరస "రీరాంపూర్" అని మొదలవుతుంది. మూడో సంకేతం తర్వాత పడితే కింది వరస తల లేని గుడిదీర్ఘంతో, చుక్కల వలయం మీద మొదలవుతుంది. దీన్ని నివారించే నియమాలు యూనికోడ్ దగ్గర ఉన్నాయి. కానీ ఒత్తులతో కూడిన తెలుగు అక్షరాన్ని మొత్తంగా ఒకే యూనిట్‌గా చూడాలన్న నియమం ఆ ప్రమాణంలోకి వచ్చింది 2023 నాటి 15.1 సంచికలోనే. అంతకుముందు లైబ్రరీలు "శ్రీ"ని "శ్" అనీ "రీ" అనీ రెండుగా చూసేవి. కాబట్టి "మా ప్రోగ్రామింగ్ భాషలో అక్షరాల హద్దు చూసే ఫంక్షన్ ఉంది, అది చాలు" అనేవారు ఆ ఫంక్షన్ ఏ సంచిక నియమాలతో పనిచేస్తోందో ముందు కనుక్కోవాలి. మరో సూక్ష్మం కూడా ఉంది. తెలుగు ఐత్వం గుర్తును యూనికోడ్ ఒకే సంకేతంగానూ రాయనిస్తుంది, ఎత్వం, దాని కింది భాగం అని రెండు సంకేతాలుగానూ రాయనిస్తుంది. కంటికి రెండూ ఒకటే. పంపేవాడు ఒక రూపంలో లెక్కపెట్టి సరిగ్గా 70కి కోసిన వరస, దారిలో రెండో రూపంలోకి మారితే 71 అవుతుంది. "పైకప్పు", "వైపు", "మైనింగ్" అన్నీ ఈ కోవలోవే. లెక్క పెట్టక ముందే పాఠాన్ని ఒక రూపానికి తేవాలి.

ఈ రెండూ లిపి సమస్యలు. వీటికి ఓపికున్న ప్రోగ్రామరు ఒక పూటలో జవాబు రాయగలడు. మూడోది వాక్యనిర్మాణంలోనే ఉంది, దాని గురించి మాట్లాడేవారు తక్కువ. తెలుగు వాక్యంలో తీర్పు చివర ఉంటుంది. లేదు, కాదు, వద్దు, కూడదు, వీల్లేదు అన్నీ చివరి క్రియ దగ్గర చేరతాయి. మన ఉదాహరణనే ఇంగ్లీషులో క్లుప్తంగా రాస్తే 40 అక్షరాల లోపే ఇమిడిపోతుంది. ఇమడకపోయినా, నిషేధపు మాట విశేషణానికి ముందే వచ్చేస్తుంది కాబట్టి తోక తెగినా హెచ్చరిక మిగులుతుంది. ఇంగ్లీషులో తోక తెగితే సాధారణంగా వివరం పోతుంది, తెలుగులో తోక తెగితే నిర్ణయం పోతుంది. "మూడో లెవెల్ దక్షిణం వైపు ఫేసులో గ్యాస్ కనిపించలేదు" అన్న వాక్యాన్ని 40 లోపల, మాట విరగకుండా, చాలా మర్యాదగా కోసినా మిగిలేది "మూడో లెవెల్ దక్షిణం వైపు ఫేసులో గ్యాస్" అని. ఇక్కడ మంచి కబురు ప్రమాద సూచన అయింది, ముందటి ఉదాహరణలో ప్రమాద సూచన మంచి కబురయింది. నివేదిక మొత్తానికీ ఇదే వర్తిస్తుంది. ఏం చూశామో ముందు రాస్తారు, ఏం చేశామో, ఏం చేయాలో చివర రాస్తారు. ప్రాప్‌లు వేయించామా, పని ఆపామా, తర్వాతి షిఫ్టు వాళ్లు ఏం గమనించాలి అన్నవి చివరి వరసల్లోనే ఉంటాయి. హద్దు దాటిన భాగాన్ని వదిలేసే మ్యాపింగ్, అందరికంటే ముందు ఆ చివరి వరసలనే వదులుతుంది.

అంకెల సంగతి కూడా చెప్పాలి. బొగ్గు గనుల నిబంధనలు 2017 ప్రకారం వెంటిలేషన్ డిస్ట్రిక్టు రిటర్న్ గాలిలో మండే వాయువు 0.75 శాతానికి, గనిలో మరే చోటైనా 1.25 శాతానికి మించకూడదు. "0.75"లో చుక్క తర్వాత కోత పడితే కింది సెగ్మెంటు "75 శాతం" అని మొదలవుతుంది. అతికేవాడు ప్రతి సెగ్మెంటు మధ్యా ఒక ఖాళీ చేర్చే అలవాటున్నవాడైతే అది "0. 75" అవుతుంది. ఆ అంకె కోసం వెతికే ప్రోగ్రాముకు అది దొరకదు. ఖాళీ చేర్చని అలవాటున్నవాడైతే అంకె బతుకుతుంది గానీ, మరోచోట రెండు మాటలు "కప్పుబాగుంద" అని అతుక్కుపోతాయి. స్థిర వెడల్పు రికార్డుల్లో వరస చివరి ఖాళీకీ, గది నింపడానికి పెట్టిన ఖాళీకీ తేడా తెలియదు కాబట్టి, సరిగ్గా ఖాళీ దగ్గర కోసిన పాఠం ఆ ఖాళీని కోల్పోతుంది. కోసినవాడికే తెలిసిన విషయం ఇది: ఇక్కడ ఖాళీ ఉండిందా, లేదా? ఆ సమాచారాన్ని ముక్కతో పాటు పంపకపోతే అతికేవాడు ఊహించడమే గతి.

ఇది ఎవరూ కనిపెట్టని సమస్య కాదు. వేర్వేరు రంగాలు వేర్వేరు జవాబులు రాసుకున్నాయి, వాటిని పక్కపక్కన పెడితే ఎవరు ఎంత దూరం ఆలోచించారో తెలుస్తుంది. శాప్ దీర్ఘపాఠంలో ప్రతి వరస పక్కన ఒక చిన్న గుర్తు గది ఉంటుంది. నక్షత్రం ఉంటే కొత్త పేరా, ఏటవాలు గీత (/) ఉంటే కొత్త వరస, సమాన చిహ్నం ఉంటే ముందు వరసకు ఖాళీ లేకుండా నేరుగా అతకాలి. పైన చెప్పిన ప్రశ్నకు ఇంత చక్కటి జవాబు ఉండగా, ఆ గది ఐడాక్ పాఠపు సెగ్మెంటులో కూడా ఉండగా, మ్యాపింగుల్లో దాన్ని ఖాళీగా వదిలేయడమో, అన్ని వరసలకూ నక్షత్రం పెట్టడమో చేస్తారు. రెండో పని చేస్తే ప్రతి 70 సంకేతాలకూ ఒక కొత్త పేరా మొదలవుతుంది. స్విఫ్ట్ తన సూచనల ఫీల్డులో కొనసాగింపు వరస మొదట జంట ఏటవాలు గీతలు (//) పెట్టమంది. అంతకు మించి ఏమీ చెప్పలేదు. వాణిజ్య పత్రాల మార్పిడి ప్రమాణమైన ఎడిఫాక్ట్ తన స్వేచ్ఛాపాఠపు సెగ్మెంటులో అయిదు గదులిచ్చి, ఒక్కో గది 70 అక్షరాలుగా మొదలుపెట్టి, తర్వాతి సంచికల్లో 512కు పెంచింది. పరిమాణం పెరిగింది, అతుకు నియమం మాత్రం ఇద్దరు భాగస్వాముల మధ్య ఒప్పందానికే వదిలేసింది. ఆసుపత్రుల మధ్య నడిచే హెచ్‌ఎల్7 రెండో తరం ప్రమాణంలో వ్యాఖ్య సెగ్మెంటుకు వరస సంఖ్య ఉంది. క్రమం చెడకుండా అది కాపాడుతుంది, మొత్తం ఎన్ని ముక్కలో మాత్రం చెప్పదు. చివరి ముక్క దారిలో పోతే ఎవరికీ తెలియదు.

నా దృష్టిలో వీటన్నిటిలో బాగా ఆలోచించింది మన జేబులోని ఎస్ఎంఎస్. ఒక సందేశానికి 140 బైట్లు. ఇంగ్లీషు 160 అక్షరాలు పడుతుంది, తెలుగు 70 సంకేతాలు. పొడవైతే ముక్కలు చేస్తారు, ప్రతి ముక్క తలలో 6 బైట్లు పక్కన పెడతారు, అందువల్ల తెలుగుకు ముక్కకు 67 మిగులుతాయి. ఆ 6 బైట్లలో ఉండేవి: ఇది ఏ సందేశానికి చెందింది, మొత్తం ఎన్ని ముక్కలు, ఇది ఎన్నోది. మూడో ముక్క ముందొచ్చినా ఫోను సరిగ్గా అమరుస్తుంది. మొత్తం ఎన్నో తెలుసు కాబట్టి ఒకటి తగ్గితే తగ్గిందని తెలుసుకోగలదు. అతుకు దగ్గర ఖాళీ చేర్చే ప్రశ్నే లేదు, ఎందుకంటే ఒక్క సంకేతం కూడా కత్తిరించకుండా యథాతథంగా కలపాలన్నదే నియమం. కోత అక్షరం మధ్యలో పడినా పర్వాలేదు, చదివేవాడు ముక్కలను విడిగా చూడడు. ఇక్కడ కోతను, అతుకును ఒకే చేయి రాసింది. దీనికి విరుద్ధంగా, వాణిజ్య సందేశాల టెంప్లేటుల్లో మారే భాగానికి చాలాకాలం 30 అక్షరాల హద్దు నడిచింది. పొడవైన విషయాన్ని రెండు మూడు మారే భాగాల్లోకి ఎవరికి వారు కోసి పంపడం దానితో మొదలైంది. "చేయించుకోవాల్సివచ్చినప్పటికీ" అన్న ఒక్క మాటకే 28 సంకేతాలయ్యే భాషలో ఆ హద్దు ఎంత ఇరుకో వేరే చెప్పక్కర్లేదు.

ఈ పోలికల నుంచి ఒక తేడా బయటపడుతుంది, మ్యాపింగ్ రాసేవారు దాన్నే ముందు తేల్చుకోవాలి. ముక్కలను గమ్యంలో యంత్రం తిరిగి కలుపుతుందా, లేక మనిషి ముక్కలుగానే చదువుతాడా? యంత్రమే కలిపేటట్లయితే ఎక్కడ కోసినా ఫర్వాలేదు. క్రమ సంఖ్య, మొత్తం సంఖ్య, ఖాళీ గుర్తు ఉంటే చాలు. మనిషి ముక్కలుగా చదివేటట్లయితే కోతకు ఒక ప్రాధాన్య క్రమం కావాలి: ముందు వాక్యం చివర, అది కుదరకపోతే కామా దగ్గర, ఆ తర్వాత మాట చివర, గత్యంతరం లేకపోతేనే అక్షరం చివర, అంకె మధ్యలో ఎన్నడూ కాదు. గమ్యం ఏ రకమో తెలియనప్పుడు రెండూ చేయడమే క్షేమం. ఏది చేసినా పరీక్ష ఒక్కటే. కోసిన ముక్కలను రాసిన నియమంతో తిరిగి అతికితే మూలపాఠం ఒక్క సంకేతం తేడా లేకుండా రావాలి. ఈ పరీక్షను ప్రోగ్రాములోనే, ప్రతి సందేశానికీ నడిపించవచ్చు. అయ్యే ఖర్చు లెక్కలోకి రాదు.

దీనికి వచ్చే ఆక్షేపణల్లో మొదటిది, ఇదంతా పాతబడిన గోల అని. నేటి జేసన్ సందేశాలకు పొడవు హద్దు లేదు, డేటాబేసులు ఎంత పాఠాన్నయినా దాస్తాయి. నిజమే, మొదటి నుంచి చివరి దాకా కొత్త వ్యవస్థలే ఉన్న చోట ఈ కోత అవసరం లేదు, చేయకూడదు కూడా. కానీ మ్యాపింగ్ అన్న పని పుట్టేదే పాత, కొత్త కలిసే చోట. సందేశం హద్దు లేకుండా ప్రయాణించి చివరకు 40 సంకేతాల ఫీల్డులోనో, 4000 బైట్ల నిలువు వరసలోనో దిగుతుంది. దారి వెడల్పయినంత మాత్రాన గుమ్మం వెడల్పు కాదు.

రెండో ఆక్షేపణ, గనుల్లో కంప్యూటర్లలోకి ఎక్కేది ఇంగ్లీషే, తెలుగు బాధ ఎక్కడిది అని. ఈ రోజుకు అది చాలావరకు నిజం. కానీ బాయిలో పని చెప్పుకునేది తెలుగులో. ఎస్‌డీఎల్, హాలేజ్, గోఫ్ లాంటి ఇంగ్లీషు గని పదాలున్న వాక్యాలు కూడా తెలుగు క్రియతోనే ముగుస్తాయి. గనుల చట్టం 1952 కూడా చట్టం, నిబంధనల సారాన్ని ఇంగ్లీషుతో పాటు నిర్దేశించిన మరో భాషలోనూ గని దగ్గర పెట్టమంది. కార్మికుడికి తన భాషలో తెలియాలన్న సూత్రం అందులో ఉంది. తెలిపే దారి తెలుగులో ఉన్నప్పుడు, చెప్పే దారి కూడా తెలుగులో ఉండాలనడం న్యాయం. ఫోనులో మాట్లాడితే తెలుగు అక్షరాలు పడే రోజుల్లో మైనింగ్ సర్దార్ తన పరిశీలనను ఇంగ్లీషులోకి కుదించుకుని చెప్పాలనడానికి ఒకే కారణం మిగులుతుంది: గమ్యంలో ఫీల్డు పొట్టిది కావడం. ఆ కారణం నిలబడేది కాదు.

మూడోది అసలైన ఆక్షేపణ. గమ్యం గరిష్ఠంగా ఇన్ని సెగ్మెంట్లే తీసుకుంటానన్నప్పుడు, పాఠం అంతకు మించినప్పుడు ఏం చేయాలి? తోక వదలకూడదంటే సందేశాన్నే ఆపాలి. భద్రతకు చెందిన కబురును ఆపడం, సగం పంపడం కంటే ప్రమాదం కాదా? ఈ ప్రశ్నను తేలిగ్గా తోసేయలేం. ఆర్డరు, బిల్లు, సామగ్రి వివరం లాంటివి ఆగితే ఆగనివ్వాలి. ఎవరో ఒకరు చూసి సరిచేస్తారు, నష్టం ఆలస్యమే. భద్రతా సందేశం మాత్రం వెళ్లాలి, కానీ సంపూర్ణమైన వేషంలో వెళ్లకూడదు. మొదటి సెగ్మెంటు మొదట్లోనే "అసంపూర్ణం, పూర్తి పాఠం ఫలానా రికార్డులో" అని ఉండాలి. ఆ కొన్ని సంకేతాల చోటును ముందే పక్కన పెట్టి మిగతా లెక్క వేయాలి. గుర్తును చివర పెడితే లాభం లేదు, మరో వ్యవస్థ దాన్నీ కోసేస్తుంది. అలాంటి సందేశం దేన్నీ తనంతట తాను మూసేయకూడదు. "పరిష్కారమైంది" అన్న స్థితికి మారాలంటే మనిషి పూర్తి పాఠం తెరిచి చూసి ఉండాలి.

కొందరు ఇక్కడే మరో దారి చూపుతారు: ఇంత తంటా ఎందుకు, కప్పు సురక్షితం, అసురక్షితం, తేలలేదు అని మూడు కోడ్‌లు పెట్టి ఎంచుకోమంటే సరి. కోడ్ కావాలి, దాన్ని నేను వద్దనను. తీర్పు చివర పెట్టే భాషలో తీర్పును వేరే ఫీల్డులో ముందుగా అడగడం మంచి పద్ధతి, వాక్యం ఎక్కడ తెగినా అది మిగులుతుంది. కానీ ఎందుకు అసురక్షితమో, బండ ఏ వైపు నుంచి పొర ఊడుతోందో, ప్రాప్ ఎన్ని అడుగుల దూరంలో వేశారో కోడ్ చెప్పదు. తర్వాతి షిఫ్టు అక్కడికి వెళ్లే ముందు తెలుసుకోవాల్సింది అదే. పైగా తొందరలో తప్పు కోడ్ నొక్కడం ఎవరికైనా జరుగుతుంది. అప్పుడు సరిచూసుకునేందుకు పక్కన పూర్తి వాక్యం ఉండాలి. కోడ్ "సురక్షితం" అంటూ, పాఠం "వీల్లేదు" అంటుంటే రెండింటిలో ఏది నమ్మాలో ప్రోగ్రాము తుదిగా తేల్చకూడదు. పాఠం చెప్పినదాన్నే తాత్కాలికంగా పట్టుకుని, అండర్ మేనేజరు చూసేదాకా ఆ చోటును తెరిచిన ఫిర్యాదుగానే ఉంచాలి.